బరువుకు దారి

శివనాగరాజు ఆ ఏడు నా చేలోకి కోతమిషను పోనివ్వలేదు. ఎవరెన్ని చెప్పినా నాకు ఆ మాట ఆ మాటే. వాడు మంచివాడని ఊరంతా అంటుంది. నేనూ కాదనను. మంచివాడు కాబట్టే ఇంకా మండుతుంది.

మాది కర్లపాలెం పక్కన పల్లె. నాకున్నది ఎకరం డెబ్బై సెంట్లు. బండ్లు పోయే డొంకను ఆనుకుని శివనాగరాజు చేను, దాని వెనక నాది, నా వెనక చలపతిరావుది. అవతల మురుక్కాలవ. మనిషి పోవాలంటే శివనాగరాజు గట్టు మీద అడుగులో అడుగు వేసుకుంటూ పోతాడు. మిషను పోవాలంటే ఒకటే పద్ధతి. డొంక పక్క చేను ముందు కోస్తారు. ఆ కొయ్యకాళ్ళ మీదుగా మిషను లోపలి చేలోకి పోతుంది. అది కోసి ఆ పై చేలోకి పోతుంది. అందుకే ముగ్గురం ఒకే రకం విత్తనం తెచ్చుకుని ఒకే వారంలో నారు ఊడుస్తాం. ఒకడి చేను ముందొచ్చిందా, వాడు కాచుకుని కూర్చోవాల్సిందే.

ఆ ఏడు శివనాగరాజు, చలపతిరావు కలిసి పోసుకున్న నారుమడి వానలకు కుళ్ళింది. వాళ్ళు మళ్ళీ నారు పోసుకుని ఊడ్చేసరికి నా చేను వాళ్ళ చేల కంటే ఇరవై రోజులు ముందుంది. ఊడ్పప్పుడు అది నాకు సంతోషంగానే ఉండింది. వాళ్ళ మళ్ళు బురదగా ఉండగా నాది పచ్చగా నిలబడింది మరి.

అక్టోబరు మొదట్లో ఆఖరి దఫా యూరియా బస్తా నెత్తిన పెట్టుకుని ఆ గట్టు మీదే పోతూ జారాను. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. తెనాల్లో ఆపరేషను చేసి ప్లేటు వేశారు. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. పంట చేతికొచ్చే మూడు నెలలూ వసారాలో నవారు మంచం మీద, కాలు దిండ్ల మీద. చేను ఎట్టా ఉందో మా ఆవిడ విజయ వచ్చి చెబితే తెలియాలి.

నవంబరు సగంలో పరీక్షలైపోయి మా అమ్మాయి హేమ వడ్లమూడి నుంచి వచ్చింది. అక్కడ ఇంజనీరింగు చదువుతోంది. నేను ఏడో తరగతిలో మానేసినవాణ్ణి, దాని చదువేంటో నాకు తెలియదు. లాప్‌టాప్ ముందేసుకుని పగలంతా టకటకలాడిస్తుంటే చదువనుకున్నాను. ఒకరోజు తొంగి చూద్దును కదా, అడవిలో ఎవడో రాళ్ళు కొడుతున్నాడు.

"ఏంటే ఇది?"

"ఆట నాన్నా. దీవిలో దిగబడిపోతాం. చెట్లు కొట్టుకోవాలి, రాళ్ళు పగలగొట్టుకోవాలి, గుడిసె వేసుకోవాలి, తిండి పండించుకోవాలి. చచ్చిపోకుండా బతకాలి."

"అందుకా నిన్ను చదివిస్తోంది? రాళ్ళు కొట్టుకోవడానికా?"

లాప్‌టాప్ లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. సుమ. హేమతో హాస్టల్లో ఒకే గదిలో ఉంటుంది, వాళ్ళది రేపల్లె. ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకే దీవిలో బతుకుతున్నారట.

"నమస్తే అంకుల్! కాలు ఎలా ఉందండీ?"

"ఉందమ్మా, ఎక్కడికీ పోలేదు."

"అయితే ఊరికే ఉన్నారుగా. రండి, రాళ్ళు మీరు కొట్టండి. నాకు విసుగు పుడుతోంది."

వేళాకోళానికన్నది. నేనూ వేళాకోళానికే సరేనన్నాను. హేమ మంచం మీద నాకు దిండు సర్ది లాప్‌టాప్ పెట్టింది. మీటల మీద అక్షరాలు ఇంగ్లీషువి, నా చూపుకి ఆనవు. విజయ బొట్టుబిళ్ళల అట్ట తెచ్చి నాలుగు మీటల మీద నాలుగు బిళ్ళలు అంటించింది. ఎర్రది ముందుకి, నల్లది వెనక్కి, ఆకుపచ్చది ఎడమకి, మెరూన్ రంగుది కుడికి. రెండు రోజులు చెట్లకి గుద్దుకుంటూ తిరిగాను. మూడో రోజుకి నడిచాను. నవ్వుకుంటే నవ్వుకోండి, అక్టోబరు తర్వాత నేను నడవడం అదే.

వాళ్ళ గుడిసె సముద్రపు ఒడ్డున ఉంది. ఇనుము దొరికే కొండ చాలా దూరం. మధ్యలో ఊబి, రాతి నేల, దుబ్బులు. కొండ దగ్గర ఇనుపరాయి తవ్వి, తోపుడు బండిలో వేసుకుని గుడిసెకి తేవాలి. బండి ప్రతి రాయికీ తట్టుకుంటుంది, ఊబిలో దిగబడుతుంది. సుమ దాన్ని తిట్టుకుంటూ లాగుతుంటే చూసి చూసి, "దారి వేసుకోరేంటే?" అన్నాను.

"దారేంటంకుల్? పరిగెత్తితే పోలా?" అంది సుమ.

"దారి వెయ్యడం దండగ నాన్నా," హేమ కూడా అదే అంది. "ఎంత రాయి పడుతుందో తెలుసా? ఆ రాయి పెడితే గుడిసె చుట్టూ గోడొస్తుంది. చీకటి పడితే జంతువులొచ్చి పడతాయి, దారి కాపాడుతుందా మనల్ని?"

నేను వినలేదు. మంచంలో పడున్నవాడికి పంతం తప్ప ఏముంటుంది? వాళ్ళు టిఫిన్లకీ స్నానాలకీ లేచినప్పుడల్లా నేను కొండ వైపు నుంచి నేల చదును చేసుకుంటూ, రాయి పరుచుకుంటూ వచ్చాను. ఊబి దగ్గర దుంగలు వేశాను. వంపులు తిప్పాను గానీ ఎక్కడా ఎగుడుదిగుడు ఉంచలేదు.

ఒక సాయంత్రం హేమ కాగితం తీసి లెక్క వేసింది.

"నాన్నా, దారి మీద పరిగెత్తితే ఒక్క నిమిషం కలిసొస్తోంది. ఇప్పటిదాకా దారికి నువ్వు పెట్టింది పదకొండు గంటలు. అంటే ఆరువందల అరవై సార్లు కొండకి పోయొస్తే గానీ నీ కష్టం తీరదు. మేం మొత్తం మీద వంద సార్లు కూడా పోం."

"వట్టి చేతులతో లెక్కేశావు. బండితో వెయ్యి."

అది బండి తీసుకుని పాత తోవన ఒకసారి, నా రాళ్ళ మీద ఒకసారి వచ్చింది. పాత తోవన పద్నాలుగు నిమిషాలు. నా దారిన నాలుగు. కాసేపు పెన్ను కొరుక్కుంది.

"అరవై ఆరు సార్లు," అంది.

"అదీ!" అన్నాను. చాలా రోజుల తర్వాత అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

డిసెంబరు వచ్చింది. నా చేను కోతకొచ్చిందని విజయ చెప్పింది. ఆ మర్నాడే టీవీలో బంగాళాఖాతంలో ఏదో పుట్టిందన్నారు. నిజాంపట్నంలో బోట్లు సముద్రంలోకి వెళ్ళొద్దని చెప్పారన్నారు. నేను శివనాగరాజుకి కబురంపాను. వాడు పొద్దున్నే వచ్చాడు, చేలోంచి తిన్నగా, కాళ్ళకి బురదతో. వసారా మెట్టు కింద కాళ్ళు కడుక్కుని, కుర్చీ ఉండగా గోడ వారన కూర్చున్నాడు.

"కాలెట్టా ఉందన్నాయ్?"

"కాలు సంగతికేంలే. నా చేను చూశావా?"

"చూశాను. బంగారంలా ఉంది. నాలుగు రోజుల్లో కోసుకోవచ్చు."

"అందుకే పిలిచాను. నీ చేలో ఓ వారగా పన్నెండడుగుల మేర కోసుకో. మిషను లోపలికి పోతుంది. ఆ మేరకి ఎన్ని బస్తాలయితే అన్నీ నా వడ్లలోంచి కొలిచిస్తాను."

వాడు తల గోక్కున్నాడు. "పాలు పోసుకుంటున్న చేనన్నాయ్. ఇప్పుడు కోస్తే గడ్డి."

"అందుకేగా వడ్లిస్తానంటోంది!"

"పన్నెండడుగులతో పోయేదైతే నేను మాత్రం వద్దంటానా? నా మడి ఇంకా తడిగా ఉంది. మిషను అందులో దిగబడితే దాన్ని లాగడానికి ఇంకోటి రావాలి. అది తిరగడానికి ఇంకో పదిసెంట్లు తొక్కుద్ది."

"చెయ్యడం ఇష్టం లేదని చెప్పు."

వాడు నా మొహంలోకి చూడలేదు. విజయ ఇచ్చిన టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "నాలుగేళ్ళ కిందట దారి వేసుకుందామని ముగ్గురం ఇక్కడే కూర్చున్నాం. ఎనిమిదడుగులు అడిగాం. నాకు దారితో పనే లేదు, నాది డొంక మీద చేను. అయినా ఇస్తానన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

నేను కాలి కింద దిండు సర్దుకున్నాను.

"'నా చేను దాకా వేసుకోండి, నా చేలో మాత్రం వద్దు' అన్నావు. చలపతిరావు బాబాయ్ ఆ మాటకి లేచెళ్ళిపోయాడు."

"ఆ సంగతి ఇప్పుడెందుకురా?"

"ఎందుకూ లేదన్నాయ్. అడిగావు గదా అని." టీ చివరి చుక్క దాకా తాగి గ్లాసు విజయకి అందించాడు. "వస్తానొదినా. అన్నాయ్, ఇరవై రోజులు ఓపిక పట్టు. నాది కొయ్యగానే మిషను ముందు నీ చేలోకే. చలపతిరావు బాబాయ్‌ది కూడా తర్వాతే. చేను నిలబడే ఉంటది, ఎక్కడికి పోద్ది?"

పోనివ్వనని చెప్పడానికి ఇంత మెత్తగా చెప్పాలా? తిట్టి పోయినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చున్నాను గానీ మనసు చేలో ఉంది. దారి గుడిసె దగ్గరికొచ్చేసింది. అడ్డంగా సుమ క్యారెట్ మడి. చుట్టి పోదామంటే ఒకవైపు గుంట, ఇంకోవైపు కొలిమి. మడిలో రెండు వరసలు పీకి పక్కన పెట్టి, నేల చదును చేసి రాళ్ళు పరిచాను.

కాసేపటికి సుమ ఆటలోకి వచ్చింది. వచ్చీ రాగానే కేక.

"అంకుల్! నా క్యారెట్లేవి? నా మడి మీద నుంచి వేసేశారేంటండీ!"

"రెండు వరసలేగా పోయింది?"

"నన్ను అడగొద్దా? మీ దారికి నా మడే దొరికిందా?"

"ఎందుకమ్మా అంతలా అరుస్తావు? అందరికీ పనికొచ్చేది. రెండు వరసలు వదులుకుంటే నీ సొమ్మేం పోయింది?"

గుమ్మం దగ్గర విజయ చేటలో కందిపప్పు చెరుగుతోంది. చేట చప్పుడు ఆగింది. నేను తలెత్తి చూశాను. అది నా వంక కాదు, చేటలోకే చూస్తోంది.

"బాగా చెప్పావయ్యా ఆ పిల్లకి," అంది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

హేమ లాప్‌టాప్‌లో చప్పుడు తగ్గించింది. అరగంట దాకా పప్పు చేటలో పడి లేస్తున్న చప్పుడే.

అప్పుడైనా శివనాగరాజుని మళ్ళీ పిలిచి ఉండాల్సింది. పిలిచి, దారికి నేను ఒప్పుకుంటున్నానురా అని ఒక్క మాట అంటే వాడు ఏదో ఒకటి చేసేవాడేమో. చెయ్యకపోయినా ఇరవై రోజులు ఆగితే పోయేది. నేను మర్నాడు పొద్దున్నే ధనమ్మకి కబురంపాను. మా ఊళ్ళో చేత్తో కోసే ముఠా ఆమెది ఒక్కటే మిగిలింది. మిషన్లొచ్చాక మిగతావాళ్ళు కొడవళ్ళు వదిలేశారు.

"కోస్తామండి, అదెంత పని," అంది ధనమ్మ. "కానీ మోత మావల్ల కాదండి. ఆ గట్టు మీద మోపు నెత్తినెట్టుకుని నడవాలంటే మీ పక్కన ఇంకో పది మంచాలెయ్యాల."

"మొయ్యొద్దులే. కోసి పనలెయ్యండి. మూడు రోజులు ఎండితే చేలోనే కుప్పేద్దాం."

ఆమె వసారాలోంచి ఆకాశం వంక చూసింది. "మబ్బు చూస్తే నాకు పనల మీద పెట్టబుద్ధి కావట్లేదండి. నిలబడున్న చేను వానకి పడితే ఎన్నో కొన్ని దక్కుతాయి. పన తడిస్తే..."

"తుఫాను ఒంగోలు వైపు పోతోందంట. కొయ్యి."

విజయ లోపల్నుంచి వచ్చింది. "ఎందుకయ్యా ఈ పంతం? నాగరాజు ఇరవై రోజులేగా ఆగమన్నాడు?"

"వాడు ఆగమంటే ఆగాలా? నా చేను నేను కోసుకోడానికి వాడి దయ కావాలా?"

రెండు రోజుల్లో కోశారు. ఎకరం డెబ్బై సెంట్లూ పనలు. హేమ ఫోనులో ఫొటో తీసుకొచ్చి చూపించింది. వరసలు ఎంత తీరుగా ఉన్నాయో! శివనాగరాజు పచ్చచేను పక్కన, ఎర్రగా, దువ్వినట్టు.

మూడో రోజు సాయంత్రం తుఫాను ఒంగోలు వైపు పోకుండా ఇటు తిరిగింది.

వాన మూడు రోజులు కురిసింది. కరెంటు లేదు, లాప్‌టాప్ ఆరిపోయింది. నేను పెంకుల మీద చప్పుడు వింటూ మంచంలో ఉన్నాను. ఆ మూడు రోజులూ విజయ, హేమ నెత్తిన యూరియా గోతాలు కప్పుకుని చేలోకి పోతూ వచ్చారు. పనలు నీళ్ళలో తేలి మురుక్కాలవ వైపు గట్టుకి చేరాయట. కాలవ పొంగి నీళ్ళు అటు పోవడం లేదట. నాలుగో రోజుకి వెన్నులకి తెల్లటి మొలకలొచ్చాయి. హేమ ఒక వెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. పచ్చి వాసన. ఇంజనీరింగు చదివే పిల్ల, ఏడవలేదు. గోళ్ళ నిండా మట్టి.

ఆ రోజే శివనాగరాజు పలుగూ పారా తీసుకుని వచ్చాడట. తన గట్టు తెగ్గొట్టి నా చేలో నీళ్ళు తన చేలోకి, అక్కణ్ణుంచి డొంక పక్క బోదెలోకి వదిలాడట. వాడి చేను పడింది గానీ పచ్చిది కాబట్టి నీళ్ళు పోగానే సగం లేచి నిలబడుతుంది. ఆ పడిన చేను మీదుగానే, అటు పక్క ఓ వారగా, పన్నెండడుగుల మేర తొక్కుకుంటూ, వాడూ వాడి భార్యా నా తడి పనలు డొంక మీదికి మోశారట. ధనమ్మ ముఠా కూడా వచ్చిందట. మెత్తటి దుబ్బుల మీద కాలు జారలేదట.

"తొక్కొద్దు నాగరాజూ, నీ చేను పోద్ది అంటే, ఎటూ పడింది కదొదినా అన్నాడు," అని విజయ చెప్పింది. "ఎటూ పడిందంట. నిలబడినంత మేరా కూడా తొక్కాడు."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. యాభై అయిదు బస్తాలు కావాల్సిన చేలో పంతొమ్మిది వచ్చాయి. అవీ రంగు మారినవి, కోళ్ళ దాణాకి తప్ప పనికిరావన్నారు. ఆ పంతొమ్మిదీ వాడు మోసినవే.

కరెంటు వచ్చాక హేమ లాప్‌టాప్ తెరిచింది. నాకు ఆడాలని లేదు. అది ఊరికే నా పక్కన పెట్టుకుని కూర్చుంది. సుమ హుషారుగా ఉంది. వాళ్ళకి కరెంటు ముందే వచ్చిందట. ఈ వారంలో ఆమె ఒక్కతే ఆడి రాతి గుమ్మాలు రెండు కట్టిందట. ఒకటి గుడిసె దగ్గర, ఒకటి కొండ మీద. ఇందులో దూరితే అందులో తేలతారు.

"చూశారా అంకుల్? కొండకి ఒక్క సెకను. పాపం మీ దారి ఇంక దండగే. ఆ రాళ్ళు పీకి గోడ కట్టుకోనా?"

"కట్టుకోమ్మా," అన్నాను.

హేమ కొండ మీద ఇనుపరాయి మూట ఎత్తుకుని గుమ్మంలోకి పోయింది. పోలేదు. గుమ్మం తోసేసింది. మళ్ళీ పోయింది, మళ్ళీ తోసేసింది. మూట కింద పెట్టి వట్టి చేతులతో దూరితే ఒడ్డున తేలింది.

"సుమా, ఇందులోంచి మనిషి వస్తున్నాడే గానీ బరువు రావట్లేదే."

"అవునా? అయ్యో! అయితే ఇనుము?"

"మనిషి గట్టు మీద కూడా వస్తాడు," అన్నాను నేను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. "దారి బరువుకి."

సుమ గొంతు చిన్నగా, "ఉంచుతాలెండి అంకుల్. రాళ్ళు పీకను. క్యారెట్లు ఇంకోచోట వేసుకుంటా," అంది.

హేమ సెలవులైపోయి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ నాలుగు బిళ్ళలూ మీటల మీద నుంచి తియ్యలేదు.

జనవరి ఆఖరికి నాకు చంకకర్ర మీద నడవడం వచ్చింది. మొదట గుమ్మం దాకా, తర్వాత డొంక దాకా. మూడో నాడు ఎవరికీ చెప్పకుండా శివనాగరాజు ఇంటికి పోయాను. వాడు గేదెకి కుడితి పెడుతున్నాడు. నన్ను చూసి పరిగెత్తుకుంటూ వచ్చి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"చలపతిరావుని పిలు. టేపు పట్టుకురా," అన్నాను.

"ఎందుకన్నాయ్?"

"ఎందుకో నీకు తెలియదా?"

తెలుసు వాడికి. అడిగి నా చేత చెప్పించాలని చూశాడు. నేను చెప్పలేదు. వాడూ రెట్టించలేదు.

చేలు ఆరి నెర్రెలిచ్చాయి. గట్టు మీద నేను కర్రకి ఆనుకుని నిలబడ్డాను. వాళ్ళిద్దరూ టేపు చెరో కొసా పట్టుకున్నారు. ముందు శివనాగరాజు తన చేలో కొలిచి పుల్లలు పాతాడు. దారి అక్కర్లేనివాడు, ముందు వాడివే పాతాడు. తర్వాత నా చేలోకి వచ్చారు. ఎనిమిదడుగుల దగ్గర నేను "ఇక్కడికి" అన్నాను.

చలపతిరావు నవ్వాడు. ముసలాడు నాలుగేళ్ళ నుంచి దాచుకున్న నవ్వు అది. "అది అప్పటి లెక్క అబ్బాయ్. ఇప్పుడొస్తున్న మిషన్లు ఎనిమిదడుగుల్లో పడతాయా? పన్నెండు కావాల."

నేను శివనాగరాజు వంక చూశాను. వాడు నేల వంక చూశాడు. తన వైపు పన్నెండు అప్పటికే పాతి ఉన్నాడు.

"పాతండి," అన్నాను.

నా చేను వెంబడి దారి పొడుగు రెండు వందల పద్దెనిమిది అడుగులు. వరసగా పుల్లలు పాతుకుంటూ పోయారు. పుల్లలకి అవతల ఉన్నది నిన్నటిదాకా నాదే. అక్కడ నా కొయ్యకాళ్ళు ఇంకా ఉన్నాయి, మొలకెత్తి ఎండిపోయిన గింజలు ఉన్నాయి.

ఇంటికొచ్చి కూర్చుంటే హేమ ఫోను చేసింది. విజయ అప్పటికే చెప్పేసినట్టుంది.

"దారి వేశారంటగా నాన్నా! ఎన్ని రాళ్ళు పట్టాయి?"

"రాళ్ళింకా పడలేదు. పుల్లలే పాతారు."

"మరి నీదెంత పోయింది?"

నాలుగేళ్ళ కిందట ఒప్పుకుని ఉంటే నాలుగు సెంట్లతో పోయేది. ఆ మాట దానికి చెప్పలేదు.

"ఆరు సెంట్లు," అన్నాను.